మనిషి మీద పడితే వాదన అయిపోయినట్టేనా?

రాత్రిపక్షి | శుక్రవారం, రాత్రి 11:20

కింద ఉన్నది మా వాట్సాప్ గ్రూపులో నడిచిన గొడవ. పేర్లు తీసేసి అక్షరాలు పెట్టాను. బజారు రోడ్డులోకి బళ్లు రానివ్వకుండా నడిచేవాళ్లకే వదిలేయాలా వద్దా అన్నది విషయం. నేను మధ్యలో దూరలేదు, చదివి తల పట్టుకున్నానంతే.

అ: రోడ్డు మూసేస్తే వ్యాపారాలు దెబ్బతింటాయి. ముందు ఒక నెల ట్రయల్ వేసి చూడాలి.
ఆ: నీకు కారుంది కాబట్టి అలాగే మాట్లాడతావులే.
ఇ: అంటే నడిచేవాళ్లు బళ్ల కింద పడి చావాలనా నీ ఉద్దేశం?
ఈ: పోయిన పాలకవర్గం ఫుట్‌పాత్‌లే లేపేసింది. అప్పుడు నోరు లేవలేదేం?
ఉ: ఇవాళ ట్రయల్ అంటారు, రేపు వాయిదా అంటారు, ఎల్లుండి ఫైలే మాయమవుతుంది.
ఆ: అసలు నువ్వంత స్వార్థపరుడు ఇంకొకడు లేడు.

వీటిలో ఏది తర్కదోషం, ఏది ఉత్త నోటి దురుసు? ‘నీకు కారుంది’ అనడం ప్రతిసారీ తప్పేనా? నిజంగానే అతనికి కారుంది మరి.

తర్కబాలుడు | రాత్రి 11:41

చాలా ఈజీ. ‘ఆ’ రెండుసార్లూ చేసింది వ్యక్తిగత దాడి, అంటే యాడ్ హోమినెమ్. ‘ఇ’ది స్ట్రా మ్యాన్, అవతలివాడు అనని మాట అన్నట్టు సృష్టించి దాన్ని కొట్టడం. ‘ఈ’ది వాటబౌటిజం, అడిగినదానికి జవాబివ్వకుండా ‘మరి అప్పుడు వాళ్లు?’ అని ఎదురడగడం. ‘ఉ’ది స్లిప్పరీ స్లోప్, జారుడుబండ వాదన. ఐదుకి ఐదూ ఔట్. ‘అ’ గెలిచాడు. థ్రెడ్ క్లోజ్ చేసుకోవచ్చు.

గట్టుమీద | శనివారం, ఉదయం 6:05

తమ్ముడూ, అంత తొందరెందుకు? నలుగురు తప్పుగా వాదించినంత మాత్రాన ఐదోవాడు ఒప్పయిపోడు. ‘వ్యాపారాలు దెబ్బతింటాయి’ అన్నదానికి ‘అ’ ఏం ఆధారం చూపించాడు? ఏమీ లేదు. అతని మాట కూడా గాల్లోనే ఉంది. ఎదుటివాడి వాదనలో దోషం ఉంది కాబట్టి అతని నిర్ణయమే తప్పు అనుకోవడం ఇంకో దోషం. నిజం ఒక్కోసారి చేతకాని వకీలు చేతిలో పడుతుంది.

ఇక ‘ఉ’ను నేను అంత సులువుగా ఔట్ చేయను. ఒకటి జరిగితే దాని వెనక ఇంకోటి జరుగుతుందనడం దానంతటది దోషం కాదు. గొలుసులో ఒక్కో లింకూ ఎందుకు తెగదో చెప్పకుండా చివరి లింకు చూపించి భయపెడితే దోషం. 1954లో అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ వియత్నాం గురించి మాట్లాడుతూ వరసగా పేర్చిన డామినో ముక్కల పోలిక తెచ్చాడు, ఒక దేశం కమ్యూనిస్టుల చేతిలో పడితే మిగతావీ వరసగా పడతాయని. 1975లో దక్షిణ వియత్నాం రాజధాని సైగాన్ పడింది. లావోస్, కంబోడియా కూడా కమ్యూనిస్టుల చేతిలోకి వెళ్లాయి. థాయ్‌లాండ్, మలేసియా, ఇండోనేసియా వెళ్లలేదు. అంటే కొన్ని లింకులు గట్టివి, కొన్ని ఊహ. ఏది ఏదో తేల్చాలంటే ఒక్కో దేశం సంగతి విడిగా చూడాల్సిందే. ‘స్లిప్పరీ స్లోప్’ అని స్టాంపు కొట్టేస్తే ఆ పని తప్పించుకున్నట్టే.

రోడ్డు ఫైలు నడిపే ఆ ఆఫీసులో ఇంతకు ముందు ట్రయల్స్ అలాగే అటకెక్కాయా? ఎక్కి ఉంటే ‘ఉ’ మాటలో సరుకుంది.

లెక్కలటీచర్ | ఉదయం 7:30

‘ఆ’ అన్న రెండు మాటలూ ఒకటి కావు. ఇది చాలామంది కలిపేస్తారు.

‘నువ్వు స్వార్థపరుడివి’ అన్నది తిట్టు. మర్యాద కాదు, అంతే. అందులో వాదనే లేదు కాబట్టి వాదనాదోషం కూడా లేదు. ‘నీకు కారుంది కాబట్టి అలా అంటున్నావు, కనుక నీ మాట లెక్కలోకి రాదు’ అన్నది దోషం. మనిషి గురించిన సంగతిని మాటను కొట్టేయడానికి కారణంగా వాడుతున్నారు. నా క్లాసులో పిల్లలకి చెప్పేది ఇదే: తిట్టు ఉందా లేదా అని కాదు, ‘కాబట్టి’ ఎక్కడుందో వెతకండి. ఒక్కోసారి అది బయటికి కనపడదు, మింగేసి ఉంటుంది.

తిట్టు ఉండి దోషం లేకపోవడం ఇలా ఉంటుంది: ‘నీ బుర్రలో మట్టుంది. నువ్వు చూపించిన లెక్కలో రెండో నెల ఖర్చు రెండుసార్లు కలిసింది, చూసుకో.’ మాట బండగా ఉంది, కానీ అభ్యంతరం అసలు విషయం మీదే. అవతలివాడు దానికి జవాబు చెప్పుకోక తప్పదు.

తిట్టు లేకుండా దోషం ఉండటం ఇలా: ‘ఆయనంటే నాకు ఎనలేని గౌరవం. ఆయన పెరిగిన వాతావరణం అలాంటిది, పాపం, ఈ విషయంలో అంతకన్నా వేరేగా ఎలా ఆలోచిస్తారు?’ ఎంత తీయగా ఉందో చూడండి. ఆయన చెప్పినదానికి మాత్రం ఒక్క ముక్క జవాబు లేదు. టీవీ చర్చల్లో అరుపుల కన్నా నాకు ఇదే ఎక్కువ భయం, విన్నవాళ్లకి దాడి జరిగినట్టే తెలియదు.

చౌరస్తా | ఉదయం 9:12

ఇవన్నీ క్లాసురూము కబుర్లు మేడమ్. బయట ఎవడు మాట్లాడుతున్నాడో చూడకుండా మాట వినేదెలా? కంపెనీ దగ్గర డబ్బు తీసుకుని కంపెనీ సరుకు మంచిదని రిపోర్టు రాసేవాడి మాటని ‘వ్యక్తి గురించి ఎత్తకూడదు, వాదనే చూడాలి’ అని నెత్తిన పెట్టుకోవాలా? ‘నీకు కారుంది’ అన్నవాడు నూటికి నూరు పాళ్లూ కరెక్టు. ఎవరి లాభం వాళ్లు చూసుకుంటారు.

పాతగణాంకం | ఉదయం 10:48

చౌరస్తా గారి ప్రశ్న ఈ థ్రెడ్డులో అన్నిటికన్నా గట్టిది. దీనికి చరిత్రలో ఒక మంచి ఉదాహరణ ఉంది, కాస్త పొడుగే, ఓపిక పట్టండి.

1950లో రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫోర్డ్ హిల్ అనే ఇద్దరు బ్రిటన్‌లో ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగుల వివరాలు సేకరించి, సిగరెట్లకీ ఆ క్యాన్సర్‌కీ గట్టి సంబంధం ఉందని చూపించారు. దాన్ని ఎదిరించినవాళ్లలో ఆర్.ఎ. ఫిషర్ ఉన్నాడు. అల్లాటప్పా మనిషి కాదు. ఇవాళ మనం వాడే గణాంకశాస్త్రానికి పునాదులు వేసినవాళ్లలో ఒకడు. 1957, 58లలో పత్రికలకి ఉత్తరాలు రాశాడు. సారాంశం ఇది: రెండూ కలిసి కనపడుతున్నాయి సరే, ఒకటి ఇంకోదానికి కారణమని ఎలా అంటారు? ఏదో ఒక జన్యులక్షణం వల్ల కొందరికి పొగ తాగాలనిపిస్తూ ఉండొచ్చు, అదే లక్షణం వల్ల క్యాన్సర్ కూడా వస్తూ ఉండొచ్చు కదా?

ఇప్పుడు మనిషి సంగతి. ఫిషర్ స్వయంగా పైపు తాగేవాడు. పొగాకు తయారీదారుల సంఘానికి సలహాదారుగా కూడా ఉన్నాడు. చౌరస్తా గారి పద్ధతిలో అయితే ఒక్క వాక్యంతో తేలిపోవాలి: ‘డబ్బు తీసుకున్నాడు, వదిలేయండి.’

అలా వదిలేసి ఉంటే ఏమయ్యేది? ఫిషర్ ప్రశ్న అలాగే నిలబడేది. ఎందుకంటే ప్రశ్న తప్పు కాదు. దాన్ని ఏ పైసా తీసుకోని సన్యాసి అడిగినా అంతే బరువుండేది. 1959లో జెరోమ్ కార్న్‌ఫీల్డ్, ఆయన తోటి పరిశోధకులు దాన్ని లెక్కతోనే ఎదుర్కొన్నారు. పొగ తాగేవాళ్లకి ఆ క్యాన్సర్ ముప్పు తాగనివాళ్ల కంటే దాదాపు 9 రెట్లు. ఈ తేడా మొత్తం ఏదో దాగి ఉన్న జన్యులక్షణం వల్లే వచ్చిందనాలంటే, ఆ లక్షణం పొగ తాగేవాళ్లలో కనీసం 9 రెట్లు ఎక్కువగా ఉండాలి. అంత పెద్ద తేడా ఉన్న లక్షణం ఏదీ? చూపించండి. ఎవరూ చూపించలేకపోయారు.

ఫిషర్ పొగాకు సంఘం సలహాదారు అన్న సంగతి తెలిస్తే ఆయన లెక్కని రెండుసార్లు సరిచూడాలన్న జాగ్రత్త వస్తుంది. ఆ జాగ్రత్త అవసరమే. సరిచూడటం మానేయడానికి మాత్రం అది కారణం కాదు.

చౌరస్తా | ఉదయం 11:30

కథ బాగుంది మాస్టారూ. కానీ 1957లో పేపరు చదివే మామూలు మనిషి ఆ 9 రెట్ల లెక్క కట్టగలడా? వాడి చేతిలో ఉన్నది రెండే ముక్కలు: ఒకడు పెద్ద శాస్త్రవేత్త, ఆ పెద్ద శాస్త్రవేత్తకి పొగాకు వాళ్లతో లావాదేవీ ఉంది. వాడు రెండో ముక్క పట్టుకుని ‘నేను నమ్మను’ అంటే తప్పేంటి?

లెక్కలటీచర్ | మధ్యాహ్నం 12:15

తప్పేం లేదు. మీరు చెప్పింది సాక్ష్యం గురించి, పాతగణాంకం గారు చెప్పింది వాదన గురించి. ఈ రెంటినీ విడదీస్తే సగం గొడవ తీరుతుంది.

‘నన్ను నమ్మండి, నేను చూశాను’ అనేది సాక్ష్యం. అక్కడ మనకి ఉన్న ఆధారమల్లా ఆ మనిషే. అందుకే కోర్టులో ఎదుటి లాయరు సాక్షిని ‘నీకు ముద్దాయితో పాత తగాదా ఉందా, ఆ రాత్రి నీ కళ్లజోడు పెట్టుకున్నావా’ అని అడుగుతాడు. అవి వ్యక్తిగతమే, తప్పు కాదు, అవసరం. ఎన్నికల్లో ‘నేను గెలిస్తే చేస్తాను’ అన్న హామీ కూడా అంతే. పోయినసారి చెప్పింది చేశాడా, లెక్కలు దాచాడా అని తవ్వితే అది దాడి కాదు. హామీకి పూచీ ఆ మనిషే కాబట్టి మనిషినే చూడాలి.

కారణాలు, లెక్కలు బల్ల మీద పరిచి ‘ఇదిగో, మీరే చూడండి’ అన్నప్పుడు చెప్పినవాడు పక్కకి వెళ్లిపోతాడు. దొంగ చెప్పినా రెండు రెళ్లు నాలుగే.

మామూలు మనిషి ఫిషర్‌ని నమ్మకపోవడం సబబే. కానీ ‘నేను నమ్మను’ అనడం వేరు, ‘అది అబద్ధమని తేలిపోయింది’ అనడం వేరు. జనం మొదటిది చెప్పాల్సిన చోట రెండోది చెప్పేస్తారు.

తర్కబాలుడు | మధ్యాహ్నం 12:40

అయితే రాత్రిపక్షి గారి గ్రూపులో ‘అ’ మాటలు రెండు ముక్కలు చేయాలి. ‘వ్యాపారాలు దెబ్బతింటాయి’ అన్నది ఆధారం లేని జోస్యం, అంటే ‘నన్ను నమ్మండి’ టైపు. అక్కడ కారు సంగతి ఎత్తితే కొంత అర్థం ఉంది. ‘ఒక నెల ట్రయల్ వేసి చూద్దాం’ అన్నది ఎవరైనా సరిచూడగల ప్రతిపాదన. దాని మీదకి కారు తోలితే దోషం. కరెక్టేనా మేడమ్?

లెక్కలటీచర్ | మధ్యాహ్నం 12:44

అంతే. నిన్న రాత్రి ఐదుకి ఐదు అన్నావు కదా, ఇప్పుడు ఎంత?

పాతపుస్తకం | మధ్యాహ్నం 3:20

ఆలస్యంగా వచ్చాను, మన్నించాలి. అందరూ ఇంగ్లీషు, లాటిన్ పేర్లే వాడుతున్నారు. మన ఇళ్లల్లో రోజూ వాడే ‘వితండవాదం’ అన్న మాట ఎక్కడి నుంచి వచ్చిందో కూడా ఒకసారి చూడాలి.

గౌతముడనే ముని పేరుతో ఉన్న పాత తర్కగ్రంథం న్యాయసూత్రాల్లో మాటల పోరు మూడు రకాలు. నిజం తేల్చుకోవడానికి ఇద్దరు కూర్చుంటే వాదం. గెలవడమే పనిగా పెట్టుకుంటే జల్పం. తనకంటూ ఏ పక్షమూ నిలబెట్టకుండా ఎదుటివాడిది పడగొట్టడమే పనైతే వితండం. అక్కడితో ఆగలేదు. చెల్లని హేతువులు, అంటే హేత్వాభాసాలు, 5 అన్నారు. మాట విరిచి అర్థం మార్చే ఛలం 3 రకాలు. డొల్ల అభ్యంతరాలు, వీటికి జాతులని పేరు, 24. ఓడిపోయినట్టు లెక్కకట్టే నిగ్రహస్థానాలు 22. విషయం వదిలేసి ఇంకెటో పోవడం, చెప్పిందే చెప్పడం, జవాబు తోచక నీళ్లు నమలడం, పనుందని సాకు చెప్పి లేచిపోవడం కూడా అందులో ఉన్నాయి. చివరిది చదివినప్పుడు నాకు గ్రూపులోంచి ఎగ్జిట్ అయ్యేవాళ్లు గుర్తొస్తారు.

ఛలానికి భాష్యకారుడు వాత్స్యాయనుడు ఇచ్చిన ఉదాహరణ ముచ్చటగా ఉంటుంది. ‘ఈ కుర్రాడు నవకంబళుడు’ అంటాడు ఒకడు, కొత్త దుప్పటి కప్పుకున్నాడని. ‘తొమ్మిది ఎక్కడున్నాయి? ఒకటేగా ఉంది!’ అంటాడు ఇంకొకడు. నవ అంటే కొత్త, నవ అంటే తొమ్మిది. అవతలివాడి ఉద్దేశం తెలిసి కూడా తనకి వీలైన అర్థం పట్టుకోవడం. ఇవాళ ఒక నాయకుడి ప్రసంగంలో ఆరు సెకన్ల ముక్క కోసి తిప్పడం ఇదే పని.

అదే సంప్రదాయంలో ఇంకో మంచి అలవాటుంది, పూర్వపక్షం. ఖండించబోయే మాటని ముందు తానే, దాన్ని నమ్మేవాడు తల ఊపేంత బలంగా చెప్పి, ఆ తర్వాత సిద్ధాంతం మొదలుపెట్టడం. ‘ఇ’ చేసిన దానికి ఇది సరిగ్గా తలకిందులు.

పాత వైద్యగ్రంథం చరక సంహితలో విమానస్థానం అనే భాగంలో వైద్యుల చర్చలు రెండు రకాలని ఉంది. కలిసి తెలుసుకునే సంధాయ సంభాష, పోట్లాడి గెలిచే విగృహ్య సంభాష. ఎవరితో ఏది, ఎప్పుడు దిగకూడదు అని కూడా చరకుడు చెప్పాడు. ఎదురుగా ఉన్నది ఏ రకం మనిషో చూసుకోకుండా దిగడం తెలివితక్కువన్నది ఆయన లెక్క.

పనిలో పనిగా ఇంకొకటి. ‘యాడ్ హోమినెమ్’ని 1690 నాటి గ్రంథంలో ఇంగ్లీషు తత్వవేత్త జాన్ లాక్ వాడిన అర్థం వేరు. ఎదుటివాడు ఒప్పుకున్న సూత్రాల నుంచే వాడికి ఇబ్బందైన ఫలితం లాగి వాడి మీదే నొక్కడం. వ్యక్తిత్వం మీద బురద అన్న అర్థం తర్వాత బలపడింది. పాత పుస్తకాలు చదివేటప్పుడు ఇది గుర్తుంటే తికమక ఉండదు.

ప్లగ్‌పాయింట్ | మధ్యాహ్నం 3:35

తొమ్మిది దుప్పట్ల కుర్రాడు 😂 ఇది మీమ్ చేయకపోతే నేరం.

చౌరస్తా | మధ్యాహ్నం 4:02

సూత్రాలు బట్టీపట్టినవాళ్లకి ఇరవై నాలుగు, ఇరవై రెండు అని లెక్కలు చెప్పడం బాగా వచ్చు. కానీ ఈ సూత్రాలు తెలిసినవాడే గెలుస్తాడు, తెలియనివాడు నిజం చెప్పినా ఓడిపోతాడు. ఇదేం న్యాయం? [మిగతా రెండు వాక్యాలు తీసేశాం — నిర్వాహకులు]

నిర్వాహకులు | మధ్యాహ్నం 4:10

తీసేసిన వాక్యాలు పాతపుస్తకం గారి పుట్టుక గురించి, ఇంటి గురించి. ముందున్న ప్రశ్న అలాగే ఉంచాం, అది అసలు విషయం మీదే ఉంది.

గట్టుమీద | మధ్యాహ్నం 4:25

తీసేయకుండా ఉంచాల్సింది. ఈ థ్రెడ్డుకి అంతకన్నా మంచి ఉదాహరణ దొరికేది కాదు. పుట్టుక ఎత్తడమంటే ‘నీ వాళ్లంతా అంతే’ అని గుంపుకి కట్టేయడం. ఆ తర్వాత ఆ మనిషి ఏం చెప్పినా గుంపు చెప్పినట్టే. రాజకీయాల్లో ఎక్కువగా నడిచే నాణెం ఇదే, ఎందుకంటే ఏమీ చదవక్కర్లేదు.

అయినా చౌరస్తా ప్రశ్నకి జవాబు చెప్పాలి. మాట నేర్పు ఉన్నవాడు గెలుస్తాడన్నది నిజమే. అందుకే దోషాల పేర్లు నేర్చుకుని ఎదుటివాడి నోరు మూయించేవాడు జల్పంలోనే ఉన్నాడు, కాస్త పెద్ద చదువు చదివిన జల్పం. మాట రానివాడు తడబడుతూ చెప్పినదాన్ని సర్ది ‘నువ్వు అనేది ఇదేనా?’ అని అడిగేవాడికే ఆ చదువు పనికొచ్చినట్టు.

పాతపుస్తకం | మధ్యాహ్నం 4:50

నాకు అభ్యంతరం లేదు, వదిలేయండి. ప్రశ్న మంచిదే.

వానాకాలం | సాయంత్రం 6:15

‘ఈ’ సంగతి ఎవరూ ముట్టుకోలేదు. ‘అప్పుడు నోరు లేవలేదేం?’

దీన్ని మూసపోసినట్టు దోషం అనేస్తారు. నేను ఒప్పుకోను. ‘నువ్వూ చేశావుగా’ అన్నమాట రెండు పనులు చేయగలదు. జవాబు తప్పించుకోవడానికి వాడితే దోషం, వాళ్లు ఫుట్‌పాత్ లేపేస్తే వీళ్ల నిర్ణయం ఒప్పయిపోదు. కానీ ఒకడు ‘ఇది సూత్రం, అందరికీ వర్తించాలి’ అని కూర్చుంటే, ‘మరి ఆ సూత్రం అప్పుడు ఎందుకు వర్తించలేదు?’ అని అడగడం సూటి ప్రశ్న.

ప్రచ్ఛన్నయుద్ధం రోజుల్లో సోవియట్ పాలనలో హక్కుల సంగతి ఎత్తితే, ‘మీ దగ్గర నల్లవాళ్లని చెట్లకి ఉరితీస్తున్నారుగా’ అని ఎదురు దెబ్బ వేసేవాళ్లు. తప్పించుకునే ఎత్తే, అనుమానం లేదు. లేబర్ క్యాంపుల గురించి అది ఏ జవాబూ కాదు. కానీ చెప్పింది అబద్ధమా? కాదు. పైగా 1952 డిసెంబరులో, పాఠశాలల్లో జాతి వేర్పాటు మీద నడిచిన బ్రౌన్ కేసులో అమెరికా న్యాయశాఖ సుప్రీంకోర్టుకి ఇచ్చిన వాదనపత్రంలో, ఈ వివక్ష కమ్యూనిస్టు ప్రచారానికి మేత అవుతోందని స్వయంగా రాసుకుంది. 1954లో ఆ వేర్పాటు రాజ్యాంగ విరుద్ధమని తీర్పు వచ్చింది. గురివింద గింజకి తన నలుపు ఎదుటివాడి వెటకారం వల్ల కనపడినా కనపడటం కనపడటమే.

కాబట్టి నా పద్ధతి: ‘నిజమే, అదీ తప్పే. దాని గురించి ఇంకో థ్రెడ్డు పెట్టు, నేనూ వస్తాను. ఇప్పుడు దీని సంగతి చెప్పు.’ మొదటి వాక్యం మింగేస్తే మాత్రం రెండోది చెప్పే హక్కు పోతుంది.

ప్లగ్‌పాయింట్ | సాయంత్రం 6:40

మరి దృష్టి మళ్లించడం? నిక్సన్ కుక్క కథ విన్నాను, నిజమేనా?

పాతగణాంకం | సాయంత్రం 7:05

నిజమే. 1952 సెప్టెంబరు 23. నిక్సన్ అప్పుడు అమెరికా ఉపాధ్యక్ష పదవికి పోటీలో ఉన్నాడు. మద్దతుదారులు పోగుచేసిన 18,000 డాలర్ల నిధి మీద ఆరోపణలొచ్చాయి. టీవీలో అరగంట మాట్లాడాడు. పిల్లలకి ఎవరో బహుమతిగా పంపిన చెకర్స్ అనే కుక్కపిల్ల సంగతి ఎత్తి, ఎవరేమన్నా దాన్ని వెనక్కి ఇవ్వం అన్నాడు. అసలు ఆ కుక్క గురించి అడిగినవాడెవడు?

న్యాయంగా చెప్పాలంటే ఆ ప్రసంగంలో నిధి గురించీ, తన ఆస్తి అప్పుల గురించీ కూడా చెప్పాడు. జనానికి మాత్రం కుక్కే గుర్తుండిపోయింది, ప్రసంగానికి పేరు కూడా దానిదే. అడగని ఆరోపణకి కన్నీళ్లతో జవాబిస్తే, అడిగినదానికీ జవాబు దొరికినట్టే అనిపిస్తుంది.

రాత్రిపక్షి | రాత్రి 9:30

చాలా నేర్చుకున్నాను. కానీ గ్రూపులో వాళ్లంతా చుట్టాలు, స్నేహితులు. ‘ఇది స్ట్రా మ్యాన్’ అని రాస్తే నన్నే తీసేస్తారు. ఏం రాయాలి?

లెక్కలటీచర్ | రాత్రి 9:50

దోషం పేరు అసలు ఎత్తకండి. పేరు పెట్టగానే గొడవ రోడ్డు మీద నుంచి తర్కం మీదకి మారుతుంది, ‘నాకు పాఠాలు చెప్తావా’ అంటారు.

‘ఇ’కి: ‘చావాలని అతను అనలేదు, ఒక నెల ట్రయల్ అన్నాడు. ఆ నెలలో ప్రమాదం జరుగుతుందని నీ భయం అయితే, ట్రయల్ రోజుల్లో బళ్లు పూర్తిగా ఆపి చూస్తే సరిపోతుందా?’ అతని భయంలో ఉన్న మంచి ముక్కని తీసుకోండి. ‘ఆ’కి: ‘కారు సంగతి సరే. కారు లేని నేను కూడా ట్రయలే అడుగుతున్నాను, ఇప్పుడు అభ్యంతరం ఏంటి?’ పేరు చెరిపేసి అదే మాట ఇంకొకరి నోట పెడితే కారు ఎగిరిపోతుంది.

‘అంటే నీ ఉద్దేశం...’ అని మొదలయ్యే మెసేజ్ వస్తే మాత్రం ఒక నిమిషం ఆగండి. పదిలో తొమ్మిదిసార్లు ఆ తర్వాత వచ్చేది మీ ఉద్దేశం కాదు.

తర్కబాలుడు | రాత్రి 10:02

ఒకడే ఇరవై పాయింట్లు ఒకేసారి గుమ్మరిస్తే? ఒక్కోదానికి జవాబు రాసేసరికి తెల్లారుతుంది.

గట్టుమీద | రాత్రి 10:20

దానికీ పేరుంది, గిష్ గ్యాలప్. డ్వేన్ గిష్ అనే సృష్టివాది, అంటే పరిణామ సిద్ధాంతాన్ని కాదనేవాడు, చర్చల్లో అదే చేసేవాడని యూజీనీ స్కాట్ 1994లో ఆ పేరు పెట్టింది. 2013లో ఆల్బెర్టో బ్రాండోలిని అనే ప్రోగ్రామరు ఇంకో మాట వదిలాడు: చెత్త పుట్టించడానికి పట్టే శ్రమ కన్నా దాన్ని ఖండించడానికి పట్టే శ్రమ పది రెట్లు ఎక్కువని. నియమం అని పిలుస్తారు గానీ ఎవరూ కొలిచింది కాదు, విసుగులోంచి పుట్టిన మాట.

ఇరవైకీ జవాబు రాయకు. ‘వీటిలో నీకు అన్నిటికన్నా బలమైంది ఏది? అది తప్పని తేలితే నీ అభిప్రాయం మారుతుందా?’ అని అడుగు. ‘మారదు’ అంటే అక్కడ నీకు పనిలేదు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు అనేవాడికి నాలుగో కాలు చూపించినా తోక అంటాడు.

చౌరస్తా | రాత్రి 10:45

సరే, ఒకటి చెప్పండి. పెద్ద పదవికి పోటీ చేసేవాడి వయసు గురించి అడగడం వ్యక్తిగత దాడా, కాదా? 1984లో అమెరికా అధ్యక్ష పదవికి రెండోసారి పోటీ చేస్తున్న రీగన్‌ని చర్చలో అడిగితే, ఎదుటివాడి చిన్నతనాన్నీ అనుభవం లేకపోవడాన్నీ నేను రాజకీయం చేయను అని జోకేశాడు. ఎదురుగా ఉన్న ప్రత్యర్థి మాండేల్ కూడా నవ్వాడు. ఆ జోకుతో 49 రాష్ట్రాలు గెలిచాడు. తర్కం కాదు సార్, నాలుక గెలిపించింది.

లెక్కలటీచర్ | రాత్రి 11:10

ప్రశ్న దాడి కాదు. విలేఖరి వయసు ఊరికే ఎత్తలేదు. క్యూబా క్షిపణుల సంక్షోభంలో అప్పటి అధ్యక్షుడు కెనడీ రోజుల తరబడి సరిగా నిద్రపోలేదు, అలాంటి పరిస్థితిలో మీరు పనిచేయగలరా అని అడిగాడు. ఉద్యోగానికి నేరుగా సంబంధించిన సంగతి. రీగన్‌కి అప్పుడు 73. ‘అనుమానమే లేదు’ అని ఒక ముక్క చెప్పి జోకులోకి దూకాడు. 56 ఏళ్ల మాండేల్‌ది ‘చిన్నతనం’ అనడంలోనే నవ్వుంది. నవ్వాక మళ్లీ అదే ప్రశ్న అడిగితే అడిగినవాడే మొండివాడిలా కనపడతాడు, ఆ ఎత్తు బలమంతా అక్కడుంది.

వానాకాలం | రాత్రి 11:18

రెండో ముక్క నేను అందుకుంటాను. జోకు ముందు, గెలుపు తర్వాత. కాబట్టి జోకు వల్లే గెలుపా? కాకి వాలింది, తాటిపండు పడింది. ఆ చర్చకి ముందు కూడా సర్వేల్లో రీగనే ముందున్నాడు. మొదటి చర్చలో తడబడి ఆధిక్యం కొంత తగ్గింది, ఈ జోకుతో ఆ బెంగ కొంత తీరి ఉండొచ్చు. 49 రాష్ట్రాలకి అదే కారణం అనాలంటే ఆర్థిక పరిస్థితి నుంచి మొదలుపెట్టి చాలా పక్కకి నెట్టాలి.

చౌరస్తా | రాత్రి 11:26

‘కొంత తీరి ఉండొచ్చు’ అని మీరే ఒప్పుకున్నారు. ఎంత తీరిందో ఆ సర్వేల అంకెలు పట్టుకుని రేపు వస్తాను, కాచుకోండి.

పాతగణాంకం | రాత్రి 11:31

తీసుకురండి. రెండు చర్చలకీ ముందువీ తర్వాతవీ, ఒకే సంస్థ చేసినవే తేవాలి. వేర్వేరు సంస్థలవి కలిపి పోల్చితే ఒప్పుకోను.